జర్దా కళ్లున్న పులి

కంటి దవాఖానాలో చుక్కలు వేసి పంపిన రోజు మధ్యాహ్నం సారపాక నుంచి మస్తాన్ ఫోన్ చేశాడు. ఆ చుక్కలు వేస్తే నాలుగు గంటలపాటు ఏదీ సరిగ్గా కనబడదు. గోడ మీద గడియారం తెల్లటి ముద్దగా, వాకిట్లో కరివేపాకు చెట్టు పచ్చటి మరకగా ఉన్నాయి. నా పిల్లి సుర్మా కుర్చీలో ఎవరో విప్పి పడేసిన నల్ల బురఖాలా పడి ఉంది. మస్తాన్ మా బూర్గంపాడు వీధివాడే. ఇప్పుడు సారపాకలో పాత ఇనుప సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. పండక్కి తప్ప ఫోన్ చేయడు కాబట్టి, పండగ కాని రోజున చేశాడంటే ఎవరో పోయి ఉంటారనే అనుకున్నాను. ఈ వయసులో ఫోన్ మోగితే ముందు వచ్చే ఆలోచన అదే.

"ఆపా, మీ అబ్బా రాసిన బోర్డు దొరికింది. చర్ల రోడ్డు ఎడల్పు చేసేటప్పుడు పీకేసిన రేకులంట, లారీల ఏసుకొచ్చిండ్రు. అండ్ల పులి బొమ్మది ఒకటుంది. మూలకు దస్తగిరి ఆర్ట్స్, బూర్గంపాడు అని ఉన్నది. ముక్కలు చేసెటోణ్ణి, పేరు చూసి ఆపిన. రాండి ఒకసారి."

"ఉంచు మస్తాన్, వీలు చూసుకొని వస్త" అన్నాను. వీలుకేమి, రిటైరైన డ్రాయింగు టీచరుకు కావలసినంత ఉంది. లేనిది ఓపిక. ఆ పులి కళ్లు ఎట్లున్నయని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. యాభై ఏళ్లకు పైగా అడగని మాట ఫోన్లో అడగడం నాకు చేతకాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెలుగువాళ్లు దెబ్బ తగిలితే 'అబ్బా' అంటారు. మేము నాన్నను పిలవడానికి అంటాం. చిన్నప్పుడు మా వీధిలో ఎవరి కాలికి రాయి తగిలినా మా నాన్న దుకాణంలోంచి తల బయట పెట్టి చూసేవాడని మా దాదీ నవ్వేది. ఇప్పుడు నేను చాప మీద నుంచి మోకాలు పట్టుకుని లేచేటప్పుడు రోజుకు ఇరవైసార్లు ఆ మాట అంటాను. అది ఏ అబ్బానో నాకే తెలియదు.

నేను పిల్లుల బొమ్మలు వేస్తాను. ఖమ్మంలో నన్ను గుర్తుపట్టేవాళ్లు నలుగురుంటే, అందులో ముగ్గురు 'పిల్లుల టీచరు' అనే అంటారు. పెళ్లి ఒకటి జరిగింది, నిలవలేదు, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఆ తర్వాత ప్రతి కిరాయి ఇంట్లోనూ ఒక పిల్లి ఉంది, ఒక్కోసారి నాలుగు ఉన్నాయి. ఇల్లు ఇచ్చేవాళ్లు ముందు నా పేరు విని, తర్వాత పిల్లుల్ని చూసి, ఏ కారణంతో కాదంటున్నారో తెలియకుండా కాదనేవాళ్లు. నా పిల్లులు బియ్యం డబ్బా మీద, కిటికీలో, ఆరేసిన దుప్పటి మడతలో, నా చెప్పుల మీద పడుకుని ఉంటాయి. అన్ని బొమ్మల్లోనూ పడుకునే ఉంటాయి. అన్నింటి కళ్లూ మూసే ఉంటాయి. ఒకసారి హైదరాబాద్‌లో నలుగురితో కలిపి నా బొమ్మలు కూడా ప్రదర్శనకు పెట్టినప్పుడు, మంచి గడ్డం ఉన్న ఒక పెద్దమనిషి ఆ మూసిన కళ్ల ముందు చాలాసేపు నిలబడి, లోపలి శాంతి గురించి ఏదో అన్నాడు. నేను తల ఊపాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నా సంగతీ అంతే. నాకు తెరిచిన కళ్లు వేయాలంటే భయం. పదకొండేళ్లప్పుడు పట్టుకున్న భయం.

బూర్గంపాడులో మా ఇంటి ముందు గదే దుకాణం. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అబ్బా, ఆయన తల్లి దాదీ, నేను, ముగ్గురం. పిల్లులతో కలిపితే ఆరేడుగురం. ఇంట్లో ఎప్పుడూ టర్పెంటైన్ వాసన. దాని కింద దాదీ నమిలే తమలపాకు వాసన, వానాకాలంలో గోదారి పొంగి దిగిపోయాక గోడలు నెలల తరబడి వదలని ఒండ్రు వాసన. మా అన్నం కూడా రంగు వాసనే వేస్తుందని బళ్లో పిల్లలు అనేవాళ్లు. నాకైతే ఎప్పుడూ తెలియలేదు, అందరి అన్నం అట్లాగే ఉంటుందనుకున్నాను. అబ్బా కొబ్బరి చిప్పల్లో రంగులు పోసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని, రేకు బోర్డును గోడకు ఆనించి రాసేవాడు. ముందు సుద్ద పూసిన దారాన్ని రేకుకు అడ్డంగా లాగి పట్టి టప్పున కొట్టేవాడు. తెల్లటి గీత పడేది. ఆ దారం రెండో కొసను పట్టుకునే పని నాది. టప్పుమన్నప్పుడల్లా పిల్లులు చెవులు వెనక్కి వంచేవి.

ఆ పిల్లులకు పెద్ద జర్దా. పండక్కి దాదీ వండే తియ్యటి పసుపన్నాన్ని జర్దా అంటాం. ఆ రంగులో, నల్లటి చారలతో పుట్టింది కాబట్టి దానికా పేరు. తడి బోర్డు ఎక్కడుంటే అక్కడ వచ్చి ఒళ్లు రుద్దేది. అబ్బా రాసిన ప్రతి బోర్డులోనూ రంగు కింద జర్దా వెంట్రుక ఒకటి రెండయినా ఉండేవి. కిరాణా కొట్టు శెట్టి పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. ఆయన తన కొత్త బోర్డును వేలితో తడిమి, "ఏంది దస్తగిరి, వెంట్రుకలున్నయ్?" అని అడిగితే, "అది మా దుకాణం గుర్తు శెట్టిగారూ, దానికి వేరే ఏం తీసుకోను" అన్నాడు అబ్బా. దాదీ పొయ్యి మీది మొదటి రొట్టె తుంచి పిల్లులకు వేశాకే మాకు పెట్టేది. పక్కింటి లచ్చమ్మత్తకు పిల్లి ఎదురొస్తే పని కాదని గట్టి నమ్మకం. అట్లాగని మా మీద కోపమూ లేదు. ఎక్కడికైనా బయలుదేరే ముందు గోడ మీది నుంచి తొంగి చూసి, "ఖైరూ, మీ జర్దాను జరసేపు పట్టుకోరాదే, మిల్లు దాకా పోయొస్త" అనేది. నేను జర్దాను చంకలో పెట్టుకుని, ఆమె మూల తిరిగేదాకా నిలబడేదాన్ని. ఇప్పుడు నా పైఇంట్లో ఉండే ఆమె సుర్మా గురించి ముఖాముఖి ఒక్క మాట అనదు, ఇంటి ఓనరుకు మెసేజ్ పెడుతుంది. లచ్చమ్మత్త పద్ధతే నయం.

అబ్బా చేతి రాతలో అందరూ చెప్పుకునేది సున్నా. తెలుగు బోర్డులో సున్నా లేని మాట దొరకదు. అంగడి, వంటలు, బండి, టింకరింగు, ఎక్కడ చూసినా సున్నానే. మిగతా పెయింటర్లు సున్నాను ఒక్క చుట్టులో తిప్పేస్తారు. అబ్బా రెండు సగాలుగా రాసేవాడు. పై నుంచి ఎడమకు దించి ఆపేవాడు, మళ్లీ పై నుంచి కుడికి దించేవాడు. రెండు సగాలూ కింద కలిసేచోట ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కి, రంగు చిన్న గట్టులా లేచి, కొస ఎడమ వైపుకు వెంట్రుకంత బయటకు వచ్చేది. తుడిచేయొచ్చు కదా అంటే, "తోక లేకుంటే సున్నా దొర్లిపోతది బేటా" అనేవాడు. నేను చాలా రోజులు అది నిజమేననుకున్నాను. సారపాక నుంచి పాల్వంచ దాకా ఏ బోర్డు చూసినా అది అబ్బా రాసిందో కాదో సున్నా కింద చూసి చెప్పేదాన్ని.

బొమ్మలు కూడా వేసేవాడు, తక్కువ. పాల దుకాణానికి ఆవు, ట్రాక్టరు షెడ్డుకు ఎద్దులు, కోళ్ల కొట్టుకు పుంజు. ప్రాణం ఉన్న బొమ్మ ఏది వేసినా కళ్లు మాత్రం వేసేవాడు కాదు. ఏ మౌల్వీగారూ వచ్చి చెప్పలేదు, అది తను పెట్టుకున్న సొంత నియమం. ఒళ్లంతా మనిషి వేయొచ్చు, చూపు ఇచ్చేవాడు వేరే ఉన్నాడు, అందులో మనం వేలు పెట్టకూడదు అని. నాకు బ్రష్ పట్టుకోవడం వచ్చేదాకా కళ్లు ఎవరు వేసేవారో నాకు గుర్తులేదు. వచ్చాక మాత్రం నేనే. ఉడత తోక వెంట్రుకలతో కట్టిన సన్నటి బ్రష్ ఒకటి ఉండేది. దాన్ని నా చేతికిచ్చి, తాను లేచి గుమ్మం బయట నిలబడేవాడు.

"అరే దస్తగిరి, నువ్వేస్తే తప్పు, పోరి ఏస్తే కాదా?" అని దాదీ ఒకసారి అడిగింది.

"పిల్లల తప్పులు పైన రాసుకోరు అమ్మీ. పెద్దగయ్యే దాకా మాఫీనే."

"బాగనే దొరికింది నీకు తొవ్వ" అని దాదీ ఆకు నములుతూ నవ్వింది. అబ్బా కూడా నవ్వాడు కానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆవుకు, ఎద్దులకు, పుంజుకు నేనే చూపు ఇచ్చాను. ఊళ్లో నడుస్తుంటే పాల దుకాణం ఆవు నన్నే చూస్తున్నట్టు ఉండేది. పదకొండేళ్ల పిల్లకు అంతకన్నా గర్వం ఏం కావాలి?

ఆ ఎండాకాలం ఫారెస్టు వాళ్లు వచ్చి చర్ల రోడ్డు మీద పెట్టడానికి ఒక పెద్ద బోర్డు అడిగారు. 'వన్యమృగాలు సంచరించు ప్రాంతం, నెమ్మదిగా వెళ్లండి' అని అక్షరాలు, పక్కన నడుమెత్తు పులి. ఇది బాగుంటే అడవి పొడుగునా అన్ని బోర్డులూ నీకే అన్నారు. మా ఇంట్లో పులిని చూసినవాళ్లు ఎవరూ లేరు. క్యాలెండరులో ఒక పులి ఉంది కానీ అది పక్కకు తిరిగి నీళ్లు తాగుతోంది, ముఖం సగమే కనబడుతుంది. అబ్బా జర్దాను చూపించి, "ఇదే మన పులి, జర పెద్దగ చేసుకోవాలె" అన్నాడు. జర్దా ఒళ్లు, జర్దా చారలు, జర్దా మీసాలు రోజుకింత రేకు మీదికి వెళ్లాయి. నాలుగో రోజుకు నిజంగానే పులి వచ్చింది. దాదీ ఆ గదిలోకి రావడానికి ముందు దగ్గేది.

అయిదో రోజు మధ్యాహ్నం అబ్బా బ్రష్ నా చేతికిచ్చి బయటికి వెళ్లాడు. జర్దాను వాకిట్లో నడి ఎండలో కూర్చోబెట్టి, ఎండుచేప ముక్క చూపిస్తూ దాని కళ్లలోకి చూశాను. మీ ఇంట్లో పిల్లి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పిల్లి కంటిపాప నిలువు గీతలా సన్నబడుతుంది. చీకటి పడేకొద్దీ వెడల్పై గుండ్రంగా అవుతుంది. నాకూ తెలుసు, కానీ తెలిసిందని అప్పుడు గుర్తు రాలేదు. చూసింది చూసినట్టు వేశాను. రెండు పసుపు కళ్లు, వాటి నడుమ రెండు నల్లటి నిలువు గీతలు. ఆ పూట సాయంత్రం దాకా ఆగి వేసి ఉంటే అది పులే అయ్యేది. ఇంతకాలం నన్ను తిన్నది ఆ నాలుగు గంటల తేడానే.

రేంజరుగారు, ఇద్దరు గార్డులు, ఒక ముసలి వాచర్ బోర్డు తీసుకువెళ్లడానికి వచ్చారు. వాచర్ చర్ల అవతల కోయగూడెం మనిషి. అందరూ పులిని చూసి భేష్ అంటుంటే ఆయన ఒక్కడే దగ్గరికి వచ్చి, వంగి, కళ్లలోకి చూశాడు.

"సారు, పులి కన్ను గిట్ల ఉండది. గీత ఉండది, గుండ్రంగ ఉంటది. నేను చూసిన" అన్నాడు.

రేంజరుగారు కూడా వంగి చూశారు. తర్వాత నిటారుగా నిలబడి గట్టిగా నవ్వారు. "అవునయ్యోయ్! దస్తగిరీ, ఇది పులి కాదు, పాల గిన్నె కోసం వచ్చిన పిల్లి. దీన్ని రోడ్డు మీద పెడితే లారీవాళ్లు దిగి బిస్కెట్లు వేసి వెళ్తారు."

గార్డులు నవ్వారు. వీధిలో ఆగిన నలుగురు నవ్వారు. వాచర్ నవ్వలేదు. ఆయన తలుపు పక్కన నిలబడ్డ నన్ను చూశాడు, నా వేళ్లకు అంటిన పసుపునూ నలుపునూ చూశాడు, చూపు తిప్పుకున్నాడు. అబ్బా నా వైపు చూడనే లేదు.

"నా తప్పే సార్. సక్కగ చూసుకోక ఏసిన. రెండ్రోజులియ్యిండి, సరిజేస్త" అన్నాడు.

నా తప్పే అన్నాడు. జీవితంలో ఒక్క కన్ను వేయని మనిషి, వీధి అంతా వింటుండగా, ఆ కళ్లు తనే వేశానని ఒప్పుకున్నాడు. వాళ్లు వెళ్లాక నేను దాదీ మంచం కిందికి దూరి ఏడ్చాను. జర్దా కూడా వచ్చి పక్కన కూర్చుంది. దాన్ని కాలితో తోసేశాను. ఇంత జరిగినా నాకు ఆ తోపు గుర్తొస్తేనే ఎక్కువ బాధ.

మర్నాడు అబ్బా బోర్డుకు గోనెసంచి చుట్టి సైకిలు వెనుక కట్టుకుని పొద్దున్నే వెళ్లిపోయాడు, పొద్దు గూకి మగ్రిబ్ నమాజు వేళకు ఒట్టి సైకిలుతో వచ్చాడు. ఏమైందని దాదీ అడిగితే, "బస్టాండు కాడి ఆర్టిస్టుకిచ్చిన, కండ్లు సరిజేసిండు. అటునుంచటే ఫారెస్టోళ్లకు అప్పజెప్పిన" అన్నాడు. నాతో ఏమీ అనలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత అబ్బా బొమ్మల పని మానేశాడు. ఆవు అడిగినా, పుంజు అడిగినా, "అక్షరాలైతే రాస్త, బొమ్మలు బంద్" అనేవాడు. అడవి బోర్డులన్నీ వేరేవాళ్లకు పోయాయి. నా చేతికి ఆ బ్రష్ మళ్లీ ఇవ్వలేదు. నా వల్ల ఆయన నవ్వులపాలయ్యాడు, నా వల్ల పని పోయింది, నా మీద నమ్మకం పోయింది. పదకొండేళ్ల బుర్రకు అందిన లెక్క ఇదే. ఆ మరుసటి ఏడు నేను పెద్దమనిషినయ్యాను. మాఫీ అయిపోయింది కాబట్టి ఇవ్వలేదేమోనని కూడా కొన్నాళ్లు అనుకున్నాను. ఎట్లా అనుకున్నా చివరికి అక్కడికే వచ్చేది.

ఒక్కటి మాత్రం అర్థమయ్యేది కాదు. బొమ్మలు మానేసిన మనిషి ప్రతి శుక్రవారం ఆ ఉడత తోక బ్రష్‌ను తీసి, నూనెలో ముంచి, వేళ్లతో కొసను సూదిలా దిద్ది, నేను చదువుకునే కిటికీలో ఆరబెట్టేవాడు. అక్షరాలకు దానితో పనే లేదు, వాటికి వెడల్పాటి పలక బ్రష్‌లు కావాలి. అలవాటు అనుకున్నాను. ఫ్లెక్సీలు వచ్చాయి, దుకాణం మూతపడింది, రాత పని అంతా పోయింది. అయినా శుక్రవారం శుక్రవారం ఆ బ్రష్ కిటికీలోకి వచ్చేది. ఆయన పోయాక ఆ నూనె పట్టే పని నాకు వచ్చింది. ఎందుకో తెలియకుండానే చేస్తున్నాను. నా బొమ్మలకు ఎప్పుడూ దాన్ని వాడలేదు.

మస్తాన్ ఫోన్ చేశాక పది రోజులు గడిపాను. శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకోండి అని డాక్టరమ్మ ప్రతిసారీ చెబుతుంది, నేను ప్రతిసారీ వచ్చే నెల అంటాను. ఆపరేషనయ్యాక ఇంట్లో నాకు చుక్కలు వేసేదెవరు? సుర్మా వేస్తుందా? దానికే పదహారేళ్లు, నీళ్ల గిన్నె దాకా వెళ్లి ఎందుకు వచ్చానా అని నిలబడిపోతుంది. దాని బొమ్మలు వంద దాకా వేసి ఉంటాను, ఒక్కదానిలోనూ అది నన్ను చూడదు. మా ఇద్దరిలో ఎవరి చూపు ముందు పోతుందో చెప్పలేను. ఆ ఆలోచన వచ్చిన రోజే సుర్మాకు రెండు గిన్నెల్లో తిండి పెట్టి భద్రాచలం బస్సెక్కాను. ఆ బస్సులో ఇప్పటిదాకా ఎన్నిసార్లు వెళ్లానో, గోదారి వంతెన దాటి చర్ల వైపుకు మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. ఒకసారి తోటి టీచర్లు పర్ణశాల చూద్దామని ఆ దారినే బండి మాట్లాడితే, తలనొప్పి అని బస్టాండులోనే కూర్చున్నాను. దారిలో ఊళ్లన్నీ ఫ్లెక్సీల వెనుక దాక్కున్నాయి. అచ్చు అక్షరాలు, అచ్చు ముఖాలు, ఏ సున్నా చూసినా ఒకటే సున్నా.

సారపాకలో దిగి దుకాణానికి వెళ్తే మస్తాన్ కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. బోర్డును గోడకు ఆనించి పెట్టి ఉంచాడు. అంచులు తుప్పు పట్టాయి, ఒక మూల ఎవరో రాయితో కొట్టిన సొట్టలున్నాయి. నారింజ రంగు వెలిసి టీ మరకలా అయింది. నా కళ్లకు పులి మంచులో నిలబడినట్టు కనిపించింది.

"దగ్గరికి జరుగుండి ఆపా, కండ్లు మంచిగున్నయ్ ఇంక. నన్నే చూస్తున్నది, ఇటు పోయినా చూస్తున్నది" అన్నాడు మస్తాన్.

దగ్గరికి వెళ్లాను. కళ్లద్దాలు తీసి, ముఖం రేకుకు ఆనేంత దగ్గరగా పెట్టాను. గుండ్రటి పాపలే. బస్టాండు ఆర్టిస్టు బాగానే సరిచేశాడు అనుకున్నాను. చూపు చాలక, రంగు ఎంత మిగిలిందో చూద్దామని పాప అంచు వెంట వేలు తిప్పాను. పై నుంచి ఎడమకు నున్నగా దిగింది. పై నుంచి కుడికి నున్నగా దిగింది. కింద రెండూ కలిసేచోట వేలికి చిన్న గట్టు తగిలింది. గట్టు కొస నుంచి వెంట్రుకంత తోక ఎడమకు పోయింది.

రెండో కంటికి కూడా వేలు పెట్టాను. అక్కడా తోక ఉంది. పక్కన అక్షరాల దగ్గరికి వెళ్లి 'సంచరించు'లో సున్నాలు తడిమాను, 'ప్రాంతం'లో సున్నాలు తడిమాను. మళ్లీ వచ్చి కళ్లు తడిమాను. ఒకటే చెయ్యి.

బస్టాండు ఆర్టిస్టు ఎవరూ లేడు. అబ్బా ఎక్కడో ఏ చెట్టు కిందో సైకిలు ఆపి, నా గీతల మీద పసుపు పూసి, ఆరేదాకా కూర్చుని, వాటి మీద రెండు సున్నాలు పెట్టాడు. కళ్లు వేయకూడదు కదా. అక్షరాలు రాయొచ్చు. ఆయన నియమం ఆయన తప్పలేదు, కూతురి తప్పు బయటపడనివ్వలేదు. సున్నా నడుమ చిన్న బొక్క కూడా బోర్డు మీద అక్షరానికి వదిలినట్టే వదిలాడు. దూరం నుంచి చూస్తే అది కంటి మెరుపు. ఎడమ కంటి బొక్కలో పసుపు పెచ్చు లేచిపోయి, కింద నుంచి నల్లటి గీత ముక్క కనబడుతోంది. అది నాది.

"ఏందాపా, ఏడుస్తున్నరా?" అన్నాడు మస్తాన్ కంగారుగా.

"కండ్లల్ల చుక్కలేసిండ్రు" అన్నాను. చుక్కలు వేసి పది రోజులైందని అతనికి తెలియదు.

తిరుగు బస్సులో కూర్చుని ఏదీ తేల్చుకోలేకపోయాను. నమ్మకం పోయి ఉంటే బ్రష్‌కు అన్నేళ్లు నూనె ఎవరి కోసం పట్టినట్టు? అడగకుండా కిటికీలో పెట్టాడు, తీసుకుంటానేమోనని. నేను తీసుకోలేదు, కోపం అనుకున్నాను. ఆయన కూడా నాకు ఇష్టం లేదనుకుని ఉంటాడు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే కిటికీకి చెరోవైపు, అన్ని శుక్రవారాలు ఊరుకున్నాం. బొమ్మల పని వేరేవాళ్ల చేత కళ్లు పెట్టించి నడుపుకోవచ్చు. నడపలేదు. నా చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు, అంతే. ఈ మాట నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని పిల్లులు నా బొమ్మల్లో నిద్ర లేచేవో. జర్దా కూడా అట్లాగే పోయింది, ఒక్క బొమ్మైనా లేకుండా. ఆ పులి తప్ప.

బోర్డు ఇప్పుడు నా ముందు గదిలో ఉంది. మస్తాన్ ఎంత చెప్పినా ఏమీ తీసుకోకుండా తనే ఆటోలో వేయించి పంపాడు. పైఇంటామె మెట్లు దిగుతూ చూసి ఉలిక్కిపడింది. ఇప్పుడు మా ఇంటి ముందు నుంచి పిల్లికీ పులికీ రెండింటికీ భయపడి జల్దీ జల్దీ నడుస్తుంది.

నిన్న మధ్యాహ్నం సుర్మాను ఎత్తుకువచ్చి వాకిట్లో ఎండలో కూర్చోబెట్టాను. అది విసుక్కుంది. ముసలి పిల్లికి నిద్ర చెడగొడితే ఎంత కోపమో. ఎండుచేప ముక్క చూపించాను, పళ్లు లేని నోటితో వాసన చూసి, నా ముఖంలోకి చూసింది. కళ్లు మసకబారాయి, నావీ అంతే, అయినా ఆ మసక నడుమ గీత కనిపించింది. నూనె పట్టిన ఉడత తోక బ్రష్ నల్లరంగులో ముంచాను. ఒక్క నిలువు గీత పెట్టాను, తర్వాత రెండోది. ఇది పులి కాదు, పిల్లే. పిల్లికి మధ్యాహ్నం పూట గీతే ఉండాలి, తప్పని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. కాగితం మీద నుంచి సుర్మా నన్ను చూసింది.

బ్రష్ కడిగి, నూనె పట్టి, కొస దిద్ది కిటికీలో పెట్టాను. నిన్న శుక్రవారం కాదు. తర్వాత మోకాలు పట్టుకుని లేస్తూ, 'అబ్బా' అన్నాను. మోకాలు నొప్పి లేదు.